పద్దెనిమిదేళ్ల వారికి ఓటు వేసేంత పరిణతి, అవగాహన ఉన్నాయా?

నిదానం

చాలా కాలంగా నా మనసులో నలుగుతున్న ప్రశ్నను సభ్యుల ముందు ఉంచుతున్నాను. ప్రపంచంలో అత్యధిక దేశాలు 18 ఏళ్లు నిండిన పౌరులకు ఓటు హక్కు ఇస్తున్నాయి. అయితే అవే చట్టాలు ఇతర విషయాల్లో అంత ఉదారంగా లేవు. భారత రాజ్యాంగం 18 ఏళ్లకే లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేయనిస్తుంది గానీ, ఆ సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలంటుంది. ఇటలీలోనైతే సెనేట్‌కు ఓటు వేయడానికే 25 ఏళ్లు ఉండాలన్న నియమం 2021 వరకు కొనసాగింది. వయసుతో వచ్చే అనుభవానికి విలువ ఉందని ఈ నియమాలను రాసినవారు నమ్మారనే కదా దీని అర్థం?

సొంత సంపాదన మొదలుకాని, ఒక కుటుంబం బరువు మోయని, దేశ వ్యవహారాలను అరనిమిషం వీడియోల ద్వారా తెలుసుకునే వయసులో ఉన్నవారు, కొన్నేళ్లపాటు అందరినీ పాలించే ప్రభుత్వాన్ని ఎన్నుకుంటున్నారు. యువతను చిన్నబుచ్చాలన్న ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. ఓటు విలువైనది కనుకనే అడుగుతున్నాను. ఓటు వయసును తిరిగి 21కి పెంచడమో, కనీస రాజకీయ అవగాహనను పరీక్షించి ఓటు ఇవ్వడమో మేలు కాదా? కారణాలతో కూడిన సమాధానాలను ఆశిస్తున్నాను.

తొలి ఓటు

నిదానం గారూ, నా వయసు 19. మీరు మర్యాదగా అడిగారు కనుక నేనూ అంతే శ్రద్ధగా సమాధానం చెప్పాలనుకుంటున్నాను.

సంపాదన గురించి మొదట. ప్రభుత్వానికి చేరే పన్ను ఆదాయపు పన్ను ఒక్కటే కాదు. కొనే ప్రతి వస్తువు మీద, వాడే ప్రతి సేవ మీద పరోక్షంగా కట్టే పన్ను వయసు అడగదు. పైగా విద్యకు ఎంత ఖర్చు పెట్టాలి, ఉద్యోగ నియామకాలు ఎప్పుడు జరపాలి, ప్రభుత్వం నేడు తెచ్చే అప్పును ఎన్ని దశాబ్దాలు తీర్చాలి, వాతావరణ మార్పును ఎదుర్కొనేందుకు ఏం చేయాలి అన్న నిర్ణయాల ఫలితాన్ని అందరికంటే ఎక్కువ కాలం అనుభవించేది మా వయసువారే.

ఇక మీరు చెప్పిన కొలతలనే తీసుకుందాం. సంపాదన, కుటుంబ బాధ్యత, లోతైన రాజకీయ పరిజ్ఞానం లేని 45 ఏళ్ల మనిషి ఓటు గురించి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అదే లోటు 19 ఏళ్ల మనిషిలో కనిపిస్తే మాత్రం అది వయసు తప్పుగా మారిపోతుంది. ఈ తేడా నాకు న్యాయంగా తోచడం లేదు.

మనోవిజ్ఞానం

పరిణతి అన్న మాటను మనం ఒకే వస్తువులా వాడుతున్నాం. నేను చదువుకున్న రంగంలో దాన్ని రెండుగా విడదీసి చూస్తారు. తొందర లేకుండా, ఆవేశం లేకుండా, విషయాన్ని తూచి నిర్ణయించే శక్తి ఒకటి. ఉద్వేగం ముంచుకొచ్చినప్పుడు, పక్కన తోటివారు ఉసిగొల్పుతున్నప్పుడు తనను తాను నిగ్రహించుకునే శక్తి మరొకటి. ఈ రెండూ ఒకే వయసులో పూర్తికావు. లారెన్స్ స్టైన్‌బర్గ్ తదితర పరిశోధకులు 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న 5,000 మందికి పైగా వ్యక్తులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి శక్తి సుమారు 16 ఏళ్లకే పెద్దవారి స్థాయికి చేరుతుందని, రెండోది ఇరవైలలోనూ ఎదుగుతూనే ఉంటుందని తేలింది.

ఓటుకు ఈ రెండింటిలో ఏది కావాలన్నదే అసలు ప్రశ్న. వేగంగా వాహనం నడపడం, గుంపులో గొడవకు దిగడం వంటి సందర్భాల్లో నిర్ణయం క్షణాల్లో జరిగిపోతుంది కనుక నిగ్రహం లేనివారు దెబ్బతింటారు. పోలింగ్ తేదీ వారాల ముందే తెలుస్తుంది, అభ్యర్థులు ఎవరో తెలుస్తుంది, ఇతరులతో మాట్లాడి మనసు మార్చుకునే వ్యవధి ఉంటుంది, చివరికి ఓటరు ఒంటరిగా తెరచాటున నిలబడి నిర్ణయిస్తాడు. ఎన్నికల విధానం మొత్తం తూచి నిర్ణయించే శక్తికి అనుకూలంగా ఉంది. ప్రచార సభల్లో ఉద్వేగం ఉరకలెత్తుతుందన్నది నిజమే గానీ, ఆ సభల్లో ఊగిపోయేవారిలో అన్ని వయసుల వారూ ఉంటారు.

మెదడు 25 ఏళ్లకు గానీ పూర్తికాదన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ముందుమెదడు ఎదుగుదల ఇరవైల్లోకి సాగుతుందన్నది వాస్తవం. కానీ ఫలానా పుట్టినరోజుతో ఆ పని ముగుస్తుందని ఏ పరిశోధనా చెప్పలేదు. దాన్ని ఓటు వయసుకు ఆధారంగా చూపడం శాస్త్రం చెప్పని మాటను శాస్త్రానికి అంటగట్టడమే అవుతుంది.

నిదానం

మనోవిజ్ఞానం గారి వివరణ విలువైనది. అయితే అది ఆలోచించగల సామర్థ్యం గురించి చెబుతోంది. నేను అడుగుతున్నది సమాచారం గురించి కూడా. ఎంత చురుకైన బుద్ధి అయినా, దాని ముందు వాస్తవాలు లేనప్పుడు దేన్ని తూచుతుంది? రాజకీయ పరిజ్ఞానంపై అమెరికాలో దశాబ్దాలుగా జరిగిన సర్వేలు సగటున యువత కంటే పెద్దవారికే ఎక్కువ తెలుసునని చూపాయి. శాసనసభకూ స్థానిక సంస్థకూ ఉన్న తేడా చెప్పలేనివారి ఓటు, ఆ తేడా తెలిసినవారి ఓటుతో సమానమని ఏ ప్రాతిపదికన అంటున్నాం? పది తేలికైన ప్రశ్నలతో, వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే పరీక్ష పెడితే ఎవరికి అన్యాయం జరుగుతుంది?

చరిత్ర పుట

ఆ చివరి ప్రశ్నకు చరిత్రలో చాలా స్పష్టమైన సమాధానం ఉంది కనుక కాస్త వివరంగా రాస్తాను.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఓటరుగా నమోదు కావడానికి అక్షరాస్యతా పరీక్షలు ఉండేవి. కాగితం మీద అవి అందరికీ ఒకటే. రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదివి దాని అర్థం చెప్పమనేవారు. చెప్పిన అర్థం సరైనదా కాదా అన్నది నమోదు అధికారి ఇష్టం. నల్లజాతి ఉపాధ్యాయులు, పట్టభద్రులు కూడా ఆ పరీక్షల్లో తప్పినట్లు తేల్చారు. చదువురాని శ్వేతజాతీయులకు ఏదో ఒక మినహాయింపు దొరికేది. 1965 నాటి ఓటు హక్కుల చట్టం వచ్చాకే ఆ పరీక్షలకు కాలం చెల్లడం మొదలైంది. ప్రశ్నలు ఎంత తేలికైనవన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ప్రశ్నలు ఎవరు తయారుచేస్తారు, జవాబులు ఎవరు దిద్దుతారు అన్నది ముఖ్యం. ఓటర్ల తీర్పును ఎదుర్కోవలసిన ప్రభుత్వం చేతికే ఓటర్లను ఏరుకునే అధికారం ఇచ్చినట్లవుతుంది.

ఈ ఆలోచన చెడ్డవారికే వచ్చిందని నేను అనడం లేదు. స్త్రీలకు ఓటు కావాలని ధైర్యంగా వాదించిన ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్, 1861లో, చదువుకున్నవారికి ఒకటికి మించిన ఓట్లు ఇవ్వాలని ప్రతిపాదించాడు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఉండిన అదనపు ఓటు 1948 చట్టంతో గానీ పోలేదు. అది పోయినందువల్ల ఆ దేశపు ఎన్నికల నాణ్యత పడిపోయిందని ఎవరూ నిరూపించలేదు.

పరిణతి వాదనకు కూడా పాత చరిత్రే ఉంది. బ్రిటన్‌లో 1918లో పురుషులకు 21 ఏళ్లకు ఓటు ఇచ్చి, స్త్రీలకు మాత్రం 30 ఏళ్లు నిండాలని, దానికి తోడు ఆస్తి అర్హత ఉండాలని నియమం పెట్టారు. 1928లో ఆ తేడాను తొలగించబోతుంటే, 21 నుంచి 29 ఏళ్ల యువతులకు నిలకడ లేదని, వినోదాలే తప్ప దేశం పట్టదని కొన్ని పత్రికలు గట్టిగా ప్రచారం చేశాయి. ఈ రోజు ఇక్కడ వింటున్న మాటలకూ ఆ మాటలకూ పోలిక ఎంత దగ్గరగా ఉందో సభ్యులు గమనించగలరు.

మరో వైపు 1951–52 నాటి భారత సార్వత్రిక ఎన్నికలను చూడండి. 1951 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత సుమారు 18 శాతం. 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, పౌరురాలికీ చదువుతో, ఆస్తితో నిమిత్తం లేకుండా ఓటు ఇచ్చారు. చదవలేని ఓటరును ఇంటికి పంపడానికి బదులు, అతడు గుర్తుపట్టగలిగేలా ఓటు పెట్టెల మీద బొమ్మ గుర్తులు పెట్టారు. లోటు ఎక్కడుందో చూసి, దాన్ని తీర్చే బాధ్యత వ్యవస్థ తీసుకుంది. నా దృష్టిలో ఆ ఒక్క నిర్ణయం ఎన్నో సిద్ధాంత గ్రంథాలకు మించినది.

న్యాయ విద్యార్థి

21 అన్న సంఖ్య దగ్గరికి తిరిగి వెళ్లాలన్న సూచనపై ఒక మాట. ఆ సంఖ్య ఏ పరీక్షలోనూ తేలినది కాదు. ఆంగ్ల న్యాయ సంప్రదాయంలో మైనారిటీ తీరే వయసుగా స్థిరపడి, అక్కడి నుంచి అనేక దేశాల చట్టాల్లోకి వచ్చింది. వియత్నాం యుద్ధకాలంలో 18 ఏళ్ల యువకులను నిర్బంధంగా సైన్యంలోకి పంపుతూ, ఆ యుద్ధంపై ఓటు వేసే హక్కు వారికి లేదనడం సమర్థించుకోలేని స్థితికి చేరినప్పుడు అమెరికా ఓటు వయసును 18కి తగ్గిస్తూ 26వ రాజ్యాంగ సవరణ చేసింది. 1971 మార్చిలో కాంగ్రెస్ ఆమోదించిన ఆ సవరణకు జులై 1 నాటికే కావలసినన్ని రాష్ట్రాలు సమ్మతి తెలిపాయి. బ్రిటన్ 1969లోనే 18కి మారింది. భారత్‌లో 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28న అమల్లోకి వచ్చి, అదే సంవత్సరం జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో 18 ఏళ్ల వారు ఓటు వేశారు. జపాన్‌లో 2016లో 20 నుంచి 18కి తగ్గింది. మలేషియా పార్లమెంటు 2019లో 21ని 18 చేసింది. సింగపూర్‌లో ఇప్పటికీ 21 కొనసాగుతోంది.

పోటీ చేయడానికి 25 ఏళ్లు కావాలన్న నియమాన్ని నిదానం గారు ప్రస్తావించారు. ఆ రెండు హక్కులూ ఒకే రకమైనవి కావు. అభ్యర్థి ఇతరుల తరఫున అధికారం చెలాయిస్తాడు కనుక అదనపు అర్హత అడగడంలో కొంత తర్కం ఉంది. ఓటరు తన మీద చెలాయించే అధికారానికి సమ్మతి తెలుపుతున్నాడు. నేరం చేస్తే పెద్దవాడిగానే శిక్షించే చట్టం, ఆ చట్టాన్ని చేసేవారిని ఎన్నుకునే వేళ మాత్రం అదే మనిషిని చిన్నవాడిగా చూడడం పొసగదు.

పౌరశాస్త్రం

నేను చాలా ఏళ్లుగా పాఠశాల పై తరగతులకు సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. సమాచారం గురించి నిదానం గారు లేవనెత్తిన ఆందోళనను తేలికగా కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే లోటు నిజంగానే ఉంది. అయితే అది మనం సాధారణంగా వెతికే చోట లేదు.

ఈ వయసు పిల్లలకు సమస్యలు తెలియవన్నది సరికాదు. ఉపాధి గురించి, పర్యావరణం గురించి, స్త్రీల భద్రత గురించి వారితో గంటసేపు చర్చించవచ్చు. వారికి తెలియనిది యంత్రాంగం. ఏ పని ఏ ప్రభుత్వ పరిధిలోకి వస్తుంది, ఒక హామీ నెరవేరాలంటే చట్టం మారాలా, నిధులు కేటాయిస్తే చాలునా, న్యాయస్థానం అడ్డుపడే అవకాశం ఉందా అన్నవి వారికి అందవు. దానివల్ల ఒకరు చేసిన తప్పుకు మరొకరిని శిక్షించడం, ఒకరు చేసిన మేలుకు మరొకరిని మెచ్చుకోవడం జరుగుతుంది. ఓటు ప్రధానంగా జవాబుదారీతనం కోసం ఉన్న సాధనం కనుక ఈ పొరపాటు నిజంగా ఖరీదైనది. మరి పెద్దవారికి ఈ యంత్రాంగం తెలుసునా? పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు, వీధి దీపం వెలగకపోతే దేశాధినేతను నిందించేవారు, జాతీయ విధానానికి స్థానిక సభ్యుడిని నిలదీసేవారు నాకు కొల్లలుగా కనిపిస్తారు. వయసుతో పేర్లు, సంఘటనలు పోగవుతాయి. వ్యవస్థ గురించిన అవగాహన దానంతట అది పోగవదు.

దీనికి ఆర్థికశాస్త్రవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లోనే ఒక కారణం చెప్పాడు. లక్షల ఓట్లలో ఒక్క ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం అత్యల్పం కనుక, ఆ ఒక్క ఓటు కోసం గంటల తరబడి సమాచారం సేకరించడం ఎవరికీ లాభసాటిగా తోచదు. ఈ లెక్క 18 ఏళ్ల వారికీ 80 ఏళ్ల వారికీ ఒకేలా వర్తిస్తుంది. కాబట్టి ఓటర్లు తమంతట తామే నేర్చుకుని వస్తారని ఎదురుచూడకుండా, నేర్చుకోవడం తప్పనిసరి అయిన చోట, అంటే బడిలోనే, ఆ పని జరగాలి.

అది ఎలా జరగాలన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. శాసనసభ సభ్యుల సంఖ్య ఎంత, రాజ్యాంగం ఏ రోజున అమల్లోకి వచ్చింది అని కంఠస్థం చేయిస్తే మార్కులు వస్తాయి, అవగాహన రాదు. నేను తరగతిలో అసలైన ఎన్నికల ప్రణాళికలను పార్టీ పేర్లు తీసేసి ఇస్తాను. ప్రతి హామీ పక్కన, దీన్ని నెరవేర్చే అధికారం ఎవరిది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, నెరవేరిందో లేదో ఎప్పుడు ఎలా తెలుస్తుంది అని రాయమంటాను. తర్వాత బడ్జెట్ పత్రం నుంచి ఒక పేజీ ఇచ్చి ఆ అంకెలతో సరిచూడమంటాను. పేర్లు తీసేసినప్పుడు తమ ఇంట్లో అభిమానించే పార్టీ హామీనే తప్పుపట్టిన విద్యార్థులు ఆ తర్వాత చేసే చర్చ, పెద్దల వేదికల్లో నేను విన్న అనేక చర్చల కంటే నిజాయితీగా ఉంటుంది.

ఆస్ట్రియా 2007లో ఓటు వయసును 16కి తగ్గించినప్పుడు పాఠశాలల్లో పౌరవిద్యను కూడా బలపరచింది. 2009 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల సందర్భంలో అక్కడి పరిశోధకులు, ఓటర్లు ఎంచుకున్న పార్టీ వారి సొంత విధానపరమైన అభిప్రాయాలతో ఎంతవరకు సరిపోయిందో పరిశీలించారు. 16, 17 ఏళ్ల వారి ఎంపికలు ఆ కొలతలో పెద్దవారి కంటే తీసికట్టుగా లేవు. చిన్నవయసువారు తెలియక ఎవరికో ఒకరికి వేసేస్తారన్న వాదనకు ఇంతకంటే సూటి పరీక్ష నాకు కనిపించలేదు.

కుటుంబరావు

ఎంత చదువు చెప్పినా ఇంట్లో పెద్దలు చెప్పినవారికే పిల్లలు వేస్తారు. నేను చూసిన కుటుంబాల్లో అదే జరుగుతోంది. అప్పుడు అది ఆ పిల్లల ఓటు ఎలా అవుతుంది?

తొలి ఓటు

కుటుంబరావు గారూ, పెద్దల మాట విని వేయడం, వారితో ఏకీభవించి వేయడం బయటికి ఒకేలా కనిపిస్తాయి. మా ఇంట్లో నేను మా నాన్నగారితో కొన్ని విషయాల్లో ఏకీభవిస్తాను, కొన్నింటిలో ఏకీభవించను. ఎవరికి వేశానన్నది ఆయన అడగరు, నేను చెప్పను. రహస్య ఓటు ఉన్నది ఇందుకే. భార్యలు భర్తల మాట విని వేస్తారు కనుక వారికి ఓటు అక్కర్లేదని కూడా ఒకప్పుడు వాదించారు. ఒత్తిడి ఉంటే ఒత్తిడి చేసేవారిని ఆపాలి గానీ, ఒత్తిడికి గురయ్యేవారి హక్కును తీసేయకూడదు.

నిదానం

పరీక్ష విషయంలో చరిత్ర పుట గారు చెప్పినదాని బరువు నాకు అర్థమైంది. ప్రభుత్వం దిద్దే పరీక్ష ఎవరి చేతిలో ఏమవుతుందో చెప్పలేం కనుక ఆ సూచనను ముందుకు తీసుకువెళ్లను. కానీ తప్పుడు సమాచారం సంగతి మిగిలే ఉంది. నకిలీ వీడియోలు, కత్తిరించి అతికించిన ప్రసంగాలు వెల్లువలా వస్తున్న ఈ కాలంలో, ఫోనులోనే లోకాన్ని చూసే తరం మరింత సులువుగా మోసపోదా?

మనోవిజ్ఞానం

ఇందులో రెండు వైపులా ఆధారాలున్నాయి కనుక రెండూ చెప్పడం న్యాయం. 2016 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్‌లో నకిలీ వార్తలను ఎవరు పంచుకున్నారో పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 65 ఏళ్లు దాటినవారు అత్యంత పిన్న వయసు వర్గం కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ నకిలీ వార్తలను పంచుకున్నారని తేలింది. పంచుకోవడం, నమ్మడం ఒకటి కావన్నది గుర్తుంచుకోవాలి. మరోవైపు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మాధ్యమిక పాఠశాల విద్యార్థుల్లో 80 శాతానికి పైగా వార్తకూ, వార్తలా కనిపించే ప్రకటనకూ తేడా చెప్పలేకపోయారు.

అదే స్టాన్‌ఫర్డ్ బృందం చేసిన మరో పని ఈ చర్చకు మరింత ఉపయోగపడుతుంది. చరిత్రలో డాక్టరేట్ ఉన్న ఆచార్యులకు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు, వార్తల్లో నిజానిజాలు తేల్చే వృత్తి నిపుణులకు ఒకే రకమైన వెబ్‌సైట్లు చూపి నమ్మదగినవేవో చెప్పమన్నారు. ఆచార్యులు, విద్యార్థులు చాలామంది చక్కటి రూపురేఖలకు, అధికారికంగా కనిపించే పేర్లకు మోసపోయారు. వృత్తి నిపుణులు మాత్రం ఆ పేజీని ఎక్కువసేపు చదవకుండా, వెంటనే దాన్ని వదిలి, ఆ సంస్థ ఎవరిది, దానికి డబ్బు ఎవరిస్తారు, ఇతరులు దాని గురించి ఏమంటున్నారు అని వేరేచోట వెతికారు. డాక్టరేటు, వయసు, అనుభవం వారిని కాపాడలేకపోయాయి. ఒక అలవాటు కాపాడింది. ఆ అలవాటును కొద్దిపాటి బోధనతో నేర్పవచ్చని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

గణాంకం

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని కోణం ఒకటుంది. ప్రజాస్వామ్యానికి యువత వల్ల ఏదైనా ముప్పు ఉంటే, అది వారు తప్పుగా ఓటు వేయడం వల్ల కంటే అసలు వేయకపోవడం వల్లే ఎక్కువ. అనేక దేశాల్లో యువ ఓటర్ల పోలింగ్ శాతం పెద్దవారి కంటే తక్కువ. రాజకీయ శాస్త్రవేత్త మార్క్ ఫ్రాంక్లిన్ చేసిన పరిశోధన ప్రకారం ఓటు వేయడం ఒక అలవాటు. తొలి రెండు మూడు ఎన్నికల్లో వేసినవారు జీవితాంతం వేస్తారు, ఆ దశలో తప్పినవారు తప్పుతూనే ఉంటారు. 18 ఏళ్లంటే చదువుకో ఉపాధికో ఇల్లు వదిలే వయసు. ఓటు ఒకచోట, మనిషి మరోచోట ఉంటారు. ఇది పరిణతి లోపం కాదు, నమోదు వ్యవస్థ కల్పించే అడ్డంకి. స్కాట్లాండ్‌లో స్వాతంత్ర్యంపై జరిగిన 2014 ప్రజాభిప్రాయ సేకరణ నుంచి 16 ఏళ్లకే ఓటు వేసే అవకాశం వచ్చినవారు, 18 ఏళ్లకు మొదలుపెట్టినవారి కంటే తర్వాతి ఎన్నికల్లో ఎక్కువగా పాల్గొన్నారని పరిశోధకులు గుర్తించారు.

నిదానం

18 విషయంలో నా అభ్యంతరాన్ని ఇక కొనసాగించను. అయితే చర్చ 16 వైపు మళ్లుతోంది కనుక అక్కడ నా అసమ్మతిని స్పష్టంగా నమోదు చేస్తున్నాను. 18 ఏళ్ల వ్యక్తి తన పేరు మీద ఒప్పందం చేసుకోగలడు, కోర్టులో వాది కాగలడు, తన నేరానికి తాను జవాబు చెబుతాడు. 16 ఏళ్ల వ్యక్తిని ఈ విషయాలన్నింటిలో మైనరుగానే ఉంచి, ఓటు ఒక్కటే చేతిలో పెడితే, హక్కూ బాధ్యతా ఒకదానికొకటి దూరమైపోతాయి.

న్యాయ విద్యార్థి

ఈ వాదన బలమైనదే. బ్రెజిల్ దీనికి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. 1988 రాజ్యాంగం ప్రకారం అక్కడ 18 నుంచి 70 ఏళ్ల మధ్య అక్షరాస్యులకు ఓటు తప్పనిసరి, 16, 17 ఏళ్ల వారికి ఐచ్ఛికం. హక్కు ముందు వస్తుంది, విధి తర్వాత వస్తుంది. న్యూజిలాండ్ సుప్రీంకోర్టు 2022 నవంబరులో ఇచ్చిన తీర్పు మరో విధంగా ఆసక్తికరమైనది. 16 ఏళ్లకే ఓటు ఇవ్వాలని ఆ కోర్టు ఆదేశించలేదు. 16, 17 ఏళ్ల వారిని వయసు కారణంగా మినహాయించడం సబబేనని ప్రభుత్వం నిరూపించలేకపోయింది కనుక, ఆ దేశపు హక్కుల చట్టంతో అది పొసగదని ప్రకటించింది. తాము అర్హులమని రుజువు చేసుకోవలసిన భారాన్ని యువత మీద పెట్టకుండా, వారిని బయట ఉంచేవారి మీద పెట్టింది. మన చర్చ మొదలైన తీరు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉందని గమనించాలి.

నిదానం

భారం నా మీదే ఉందనుకుని రాస్తున్నాను. 16 ఏళ్ల వారిలో ఎక్కువమంది ఇంకా బడిలోనే ఉంటారు. పౌరశాస్త్రం గారి వంటి ఉపాధ్యాయులు పార్టీ పేర్లు తీసేసి బోధిస్తారు. అంత జాగ్రత్త లేని చోట, తరగతి గదిలోనే ఓట్లు కూర్చున్నాయని తెలిసిన పార్టీలు బడి గుమ్మం బయట ఆగుతాయా? పాఠ్యపుస్తకాల మీద, ఉపాధ్యాయుల మీద ఒత్తిడి ఇప్పటికంటే పెరగదా? ఆస్ట్రియాలో దీన్ని ఎలా కట్టడి చేశారో తెలిసినవారు రాస్తే చదవాలని ఉంది. ఆ సమాధానం దొరికేవరకు నా ఓటు 18 వైపే.

పౌరశాస్త్రం

ఈ భయం నాకూ ఉంది. జర్మన్ పౌరవిద్యలో 1976 నుంచి పాటిస్తున్న బోయ్‌టెల్స్‌బాఖ్ సూత్రాలు ఇక్కడ పనికొస్తాయి. ఆస్ట్రియా ఉపాధ్యాయులు కూడా వాటిని అనుసరిస్తారు. ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని విద్యార్థి మీద రుద్దకూడదు. సమాజంలో వివాదంలో ఉన్న విషయాన్ని తరగతిలో కూడా వివాదంగానే, అన్ని పక్షాలతో సహా చూపాలి. తన ప్రయోజనాలేమిటో తానే విశ్లేషించుకునే శక్తిని విద్యార్థికి ఇవ్వాలి. మొదటి రెండు సూత్రాలను నా తరగతిలో పాటించడం సాధ్యమేనని అనుభవం మీద చెప్పగలను. కానీ వాటిని పాటించని ఉపాధ్యాయుడిపై విద్యార్థి ఎవరికి ఫిర్యాదు చేయాలి, చేసినందుకు అతడికి హాని జరగకుండా ఎవరు చూడాలి అన్నది రాతపూర్వకంగా తేలకుండా ఓటు వయసును 16కి తగ్గించమని నేను కూడా అడగను.